ఊరి చెరువు గట్టు మీద నడక దారి: ప్రభుత్వ డబ్బు తెచ్చుకునే పద్ధతి

ఆదివారం పొద్దున ఆరింటికి గుంటూరు దాటి ఉప్పలపాడు వెళ్లి చూడండి. మెడలో కెమెరాలు వేసుకున్న కుర్రాళ్లు, పిల్లల్ని ముందు నిలబెట్టుకుని వచ్చే స్కూటర్లు, వాకింగ్ బూట్ల పెద్దవాళ్లు కనపడతారు. అందరూ గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని చూడటానికి వచ్చినవాళ్లే. విజయవాడ వాళ్లయితే మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకో, కొండపల్లి కొండలకో పోతారు. ఇటువైపు కొండవీడు ఘాట్ రోడ్డు ఎలాగూ ఉంది.

ఇదంతా చూసి వచ్చినవాళ్లు నన్ను అడిగేది ఒక్కటే. "సార్, మా ఊళ్లోనూ చెరువుంది. చుట్టూ దారేసి నాలుగు బెంచీలు వేస్తే మాకూ జనం వస్తారు, నాలుగు కుటుంబాలు బతుకుతాయి. ఈ డబ్బు ఎవరిస్తారు?" పంచాయతీరాజ్‌లో ఏఈగా చేరి డీఈగా రిటైరైన మనిషిని కాబట్టి నా ఇంటి గుమ్మం దాకా వచ్చి మరీ అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ముందే చెప్పేస్తాను. "మా ఊరిని టూరిజం స్పాట్ చెయ్యండి" అని అర్జీ పెడితే ఒక్క రూపాయి రాదు. ఆ పేరుతో ఉండే పెద్ద పథకాలు ఊరి స్థాయివి కావు. 2014-15లో మొదలైన కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్‌ కింద మన అమరావతి, నాగార్జునసాగర్ దగ్గరి అనుపు బౌద్ధ సర్క్యూట్‌లో చేరాయి. అవి రాష్ట్రం తయారుచేసి కేంద్రానికి పంపిన ప్రాజెక్టులు. పంచాయతీ తీర్మానంతో కదిలేవి కావు. కానీ అదే నడక దారిని మట్టి పని, మొక్కలు, మరుగుదొడ్డి, లైట్లు అని విడగొట్టి, ఏ ముక్కకు ఏ ఖాతాలో డబ్బుందో అక్కడ అడిగితే పని అవుతుంది. ప్రభుత్వంలో డబ్బు వచ్చేది ఆలోచన పేరు మీద కాదు, పని పేరు మీద.

ముందు చేతిలో ఉండాల్సినవి

- చెరువు లేదా కొండ సర్వే నంబరు, అడంగల్ కాపీ, ఎఫ్ఎంబీ (నేల కొలతల పటం) నకలు (సచివాలయంలో సర్వేయర్‌ దగ్గర)
- 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితా) ఆ నంబరు ఉందో లేదో
- ఊరి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అంటే జీపీడీపీ కాపీ
- 200 పేజీల నోట్‌బుక్, 30 మీటర్ల టేపు
- చెరువు చేపల పాట (చేపలు పెంచుకునే హక్కుకు వేసే వేలం) ఎవరి పేరున ఉంది, ఎప్పటిదాకా ఉందనే కాగితం
- పొద్దున్నే లేచే ఇద్దరు కుర్రాళ్లు, లెక్కలు రాయగల ఒక డ్వాక్రా లీడరు

చేపల పాట కాగితం ఎందుకని చాలామంది నవ్వుతారు. దాని సంగతి రెండో స్టెప్పులో వస్తుంది.

1. కట్టకముందు లెక్కపెట్టండి

వరసగా నాలుగు ఆదివారాలు, రెండు మామూలు రోజులు, పొద్దున ఆరు నుంచి పది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా గట్టు దగ్గర కూర్చోండి. ఊళ్లోవాళ్లు కాకుండా బయటి నుంచి వచ్చినవాళ్లను రాయండి. బండి ఏది, ఎంతమంది, ఎంతసేపు ఉన్నారు, ఊళ్లో ఏమైనా కొన్నారా. ఈ చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. ముప్పై బైకులొచ్చి, వాళ్లు తెచ్చుకున్న బిర్యానీ తిని, ప్లేట్లు చెరువులో పారేసి పోతే మీ ఊరికి మిగిలేది చెత్తే.

కార్తీక మాసంలో మాత్రం లెక్కపెట్టకండి. వనభోజనాలకు ఉసిరిచెట్టు ఉన్న ప్రతి చోటుకీ జనం వస్తారు. ఆ అంకె చూసి మురిసిపోయి ఎస్టిమేట్ వేసుకుంటే మాఘం వచ్చేసరికి బెంచీల మీద కాకులు తప్ప ఎవరూ ఉండరు. మే నెల కూడా వద్దు. ఆ ఎండల్లో మన గట్ల మీదికి ఎవరొస్తారు? కార్తీకం అయిపోయాక ఫిబ్రవరి దాకా నికరమైన లెక్క వస్తుంది.

ఎవరూ రావట్లేదనుకోండి, అప్పుడేం చెయ్యాలి? ఊరివాళ్ల కోసమే దారి వేసుకోండి. ముసలివాళ్లు నడుస్తారు, పిల్లలు ఆడుకుంటారు. దానికీ ఇవే నిధులు. "జనం తరలివస్తారు" అని మాత్రం ఊరికి మాటివ్వకండి.

2. ఆ నేల ఎవరిదో తేల్చుకోండి

సగం ఫైళ్లు ఇక్కడే ఆగిపోతాయి. చెరువు పోరంబోకైనా అది పంచాయతీ చెరువా, జలవనరుల శాఖ చెరువా అన్నది వేరే సంగతి. దుగ్గిరాల, తెనాలి వైపు కాలువ గట్ల మీద సైకిల్ దారి వేద్దామనే ఆలోచన మంచిదే. ఆ గట్లు జలవనరుల శాఖవి. వాళ్ల దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా ఒక్క తట్ట మట్టి కూడా పోయొద్దు. రేపు జేసీబీ దిగితే మీ దారి మీదుగానే పోతుంది. డొంక దారులు మాత్రం తేలిక. రెవెన్యూ రికార్డులో డొంకగా ఉంటే వీఆర్వో, సర్వేయర్‌ కొలిచి హద్దురాళ్లు వేస్తే సరిపోతుంది. పక్క పొలాల వాళ్లు కలిపేసుకున్న డొంకలు బయటపడతాయి కాబట్టి చిన్న గొడవకు సిద్ధపడండి.

కొన్ని చోట్ల పరిస్థితి వేరు:

*మంచినీళ్ల చెరువు.* కాలువ నీళ్లు నింపి ఊరికి తాగడానికి వాడుకునే చెరువైతే ఈ ఆలోచన అక్కడితో వదిలెయ్యండి. గ్రామీణ నీటి సరఫరా వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

*అడవి.* రిజర్వు ఫారెస్టులో పంచాయతీ డబ్బుతో ఏదీ కట్టలేరు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అడ్డొస్తుంది. దారి, వాచ్ టవర్ లాంటివి అటవీ శాఖే వెయ్యాలి. రేంజ్ ఆఫీసర్ ద్వారా జిల్లా అటవీ అధికారి డీఎఫ్ఓకు రాయండి, మీ ఊళ్లో వన సంరక్షణ సమితి ఉంటే దాని పేరు మీద రాయండి. మీకు మిగిలేది హద్దుకు ఇవతల పార్కింగ్, టిఫిన్ బండ్లు, మరుగుదొడ్లు. నా లెక్కలో డబ్బు వచ్చేది అక్కడే.

*పాత కట్టడాలు.* ఉండవల్లి గుహల్లాగా కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడమైతే, చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడం నిషేధం. ఆ తర్వాత 200 మీటర్లు అనుమతి తీసుకుని కట్టాలి. చట్టం 1958ది, ఈ దూరాలను 2010 సవరణ గట్టిగా బిగించింది. చిన్న షెడ్డేలే అనుకోకండి.

ఇక చేపల పాట. పాట పాడుకున్నవాడికి చెరువులో మనుషుల సందడి నచ్చదు. పక్షులు అసలే నచ్చవు, అతను పెంచుకునే చేపల్ని అవి తింటాయి కాబట్టి. లీజు మధ్యలో మీరు గట్టు పని మొదలుపెడితే కోర్టుకు వెళ్తాడు, అతని వైపు న్యాయం కూడా ఉంటుంది. లీజు ముగిసే నెల చూసుకోండి. కొత్త పాటలో "గట్టు మీద ప్రజల నడకకు అడ్డు చెప్పరాదు, పక్షుల్ని బాంబులతో తోలరాదు" అనే షరతు రాయించండి. పాట రేటు కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గుదల ఎంతో ముందే ఊరికి చెప్పండి, ఎందుకంటే అది పంచాయతీ ఆదాయం.

3. పనిని ముక్కలు చెయ్యండి

కిలోమీటరు గట్టు ఉన్న చెరువు అనుకుందాం. నేనైతే ఇలా విడగొడతాను.

*గట్టు బలపరచడం, పూడిక తీత, మొక్కలు, ఆటస్థలం* – ఉపాధి హామీ. 2005 చట్టంలో ఇవన్నీ ఉన్నాయి. గ్రావెల్ దారి, డ్వాక్రా వాళ్ల పని షెడ్డు, ఊరి సంత కట్టడం కూడా ఉన్నాయి. మొత్తం ఖర్చులో కూలికి కనీసం 60 శాతం, సామగ్రికి 40 శాతం లోపు అనేది ఆ చట్టం లెక్క. కాంట్రాక్టరు ఉండకూడదు. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో 125 రోజుల పనితో కొత్త చట్టం చేసింది కాబట్టి, ప్రస్తుతం ఏ పని ఏ పేరుతో జాబితాలో ఉందో ఎంపీడీఓ ఆఫీసులో ఉపాధి పథకం చూసే ఏపీఓను అడిగి రాసుకోండి. పాత జిరాక్సుల మీద ఆధారపడొద్దు.

*మరుగుదొడ్లు* – 2020లో మొదలైన స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల ప్రకారం ఊరుమ్మడి మరుగుదొడ్ల సముదాయానికి 3 లక్షల దాకా ఇవ్వొచ్చు. అందులో 70 శాతం ఆ పథకంది, 30 శాతం ఆర్థిక సంఘం నిధుల్లోంచి పంచాయతీ పెట్టుకోవాలి.

*తాగునీరు, చెత్త తీత* – 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టేశారు. దాన్ని టైడ్ అంటారు. ఆ డబ్బుతో బెంచీలు కొంటే ఆడిట్‌లో పట్టుకుంటారు. మిగతా 40 శాతం అన్‌టైడ్, దాన్ని జీతాలకు తప్ప ఊరి అవసరాలకు వాడుకోవచ్చు. ఆ తర్వాతి సంవత్సరాల వాటా మీ సెక్రటరీ దగ్గర ఉంటుంది.

*సోలార్ లైట్లు, నీడ షెడ్డు* – ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీ సిఫారసు చేసే అభివృద్ధి నిధి. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. అందులో 15 శాతం ఎస్సీ నివాసాలున్న చోట, 7.5 శాతం ఎస్టీ నివాసాలున్న చోట ఖర్చుపెట్టాలి. మీ చెరువు పక్కనే ఎస్సీ కాలనీ ఉంటే అర్జీలో మొదటి వాక్యంలోనే ఆ మాట రాయండి. ప్రైవేటు స్థలంలో ఈ డబ్బుతో పని చెయ్యరు.

*క్వారీలు, గనులున్న మండలాలు* – డీఎంఎఫ్, అంటే జిల్లా ఖనిజ నిధి. 2015 నుంచి ఉంది. మొదటి ప్రాధాన్యం తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం కాబట్టి మొక్కల పనిని, నీటి పనిని దీంట్లో పెట్టండి. అమెరికాలో సముద్రంలో తవ్వే చమురు రాయల్టీలోంచి పార్కులకు, నడక దారులకు డబ్బిచ్చే నిధి 1965 నుంచి నడుస్తోంది. 2020లో చేసిన చట్టంతో ఏటా 90 కోట్ల డాలర్లు దానికి ఖాయం చేశారు. కొండ పగలగొట్టి తెచ్చిన డబ్బులో కొంత ఇంకో కొండ కాపాడటానికి పోవాలన్న ఆ లెక్క నాకు నచ్చుతుంది. మన దగ్గర దానికి కాస్త దగ్గరగా ఉన్నది ఇదే.

*బోర్డులు, బైనాక్యులర్లు, చిన్న టవర్* – ఇవి సర్కారు ఖాతాల్లో ఇమడవు. కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు అడగండి. 2013 కంపెనీల చట్టం కిందికి వచ్చే పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. సొసైటీ పేరుతో అడిగితే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ కావాలి. అవి లేకపోతే కంపెనీయే నేరుగా పని చేసి పంచాయతీకి అప్పగించేలా మాట్లాడుకోండి, సులువు.

హెచ్చరిక: ఒకే ముక్కను రెండు ఖాతాల్లో పెట్టకండి. గట్టు మీద మట్టి ఒకసారి ఉపాధిలో, ఇంకోసారి పంచాయతీ బిల్లులో చూపిస్తే సోషల్ ఆడిట్‌లో ఊరంతా కూర్చున్న చోట చదువుతారు. ఆ రోజు సర్పంచ్ గారి మొహం చూడలేం.

4. గ్రామసభలో తీర్మానం

జీపీడీపీ తయారీ ఏటా అక్టోబరు 2 ప్రాంతంలో మొదలవుతుంది. మీ పని అందులో ఎక్కకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులు తీర్మానించారు. ఆ రోజు లేచి నిలబడి పని పేరు చెప్పినవాళ్ల ఊళ్లలో పనులు జాబితాకెక్కాయి. ఇంట్లో కూర్చుని "మాకెవరూ చెప్పలేదు" అన్నవాళ్లు ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

తీర్మానంలో మాటలు జాగ్రత్తగా రాయించండి. "చెరువు సుందరీకరణ" అని రాస్తే ఏ పద్దులోకీ రాదు. ఇలా రాయండి: "సర్వే నంబరు ఫలానాలోని ఊరచెరువు తూర్పు గట్టును 600 మీటర్ల పొడవున బలపరచి, పైన గ్రావెల్ దారి వేయుట." పొడవు, దిక్కు, నంబరు, పని. ఒక్కో ముక్కకు ఒక్కో తీర్మానం. ప్రతిదానికీ నకలు తీసుకుని సెక్రటరీ సంతకం, సీలు, తేదీ చూసుకోండి. తేదీ లేని తీర్మానం చిత్తుకాగితం కిందే లెక్క.

ఆడవాళ్లు సభకు వచ్చారా చూడండి. నేను చూసినంతలో మగవాళ్లు బెంచీలు అడుగుతారు, ఆడవాళ్లు లైట్లు, మరుగుదొడ్లు అడుగుతారు. జనం నిలిచేది రెండో రకం చోటే.

5. ఎస్టిమేట్: ఇక్కడ తొందరపడొద్దు

నా తప్పు ఒకటి చెబుతాను. సర్వీసులో కొత్తలో ఒక చెరువు గట్టు మీద సిమెంటు దారికి ఎస్టిమేట్ వేశాను. చూడ్డానికి తెల్లగా, నీటుగా ఉంటుందని సర్పంచ్ గారు అడిగారు, నేను సరేనన్నాను. కింద నల్లరేగడి. మొదటి ఎండాకాలంలో వెంట్రుకంత పగులు. రెండో ఎండాకాలానికి అందులో రూపాయి బిళ్ల నిలువుగా దిగింది. వానలకు నేల ఉబ్బి పలకలు లేచి, రాత్రిపూట నడిచేవాళ్ల కాళ్లకు తగిలేవి. మన గుంటూరు నేలకు సంగతి ఇదీ. ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీద గట్టిగా కూర్చునేది ఏదైనా విరుగుతుంది.

అందుకని ఈ పద్ధతి:

పైన ఉన్న నల్లమట్టిని అడుగు లోతు తీసెయ్యండి. గ్రావెల్‌ను ఒకేసారి కుప్ప పోసి సర్దకుండా 150 మిల్లీమీటర్ల పొరలుగా పొయ్యండి. ప్రతి పొరకూ నీళ్లు చల్లి రోలర్ తిప్పాలి. దారి మధ్య కాస్త ఎత్తు, రెండు పక్కలా వాలు ఉండాలి, నీళ్లు నిలవకూడదు. వెడల్పు ఇద్దరు పక్కపక్కన నడవగలిగితే చాలు. అంతకన్నా వెడల్పు చేస్తే ట్రాక్టర్లు ఎక్కుతాయి, వారంలో గాళ్లు పడతాయి. రెండు చివర్లా రాతి కూసాలు పాతండి, మనిషి పట్టాలి, ట్రాక్టరు పట్టకూడదు.

పైగా సిమెంటు దారిలో సామగ్రి ఖర్చే ఎక్కువ. ఉపాధిలో 40 శాతం గీత దాటిపోతుంది. గ్రావెల్, మట్టి పనిలో కూలి వాటా పెరుగుతుంది కాబట్టి ఫైలు తేలిగ్గా కదులుతుంది. నేల, నిబంధన రెండూ ఒకే మాట చెబుతున్నప్పుడు వినడం మంచిది.

మొక్కలు గట్టు మీద నాటకండి. పెద్ద చెట్ల వేళ్లు గట్టులోకి దిగి, చెట్టు చచ్చాక ఆ వేళ్లు కుళ్లి, నీళ్లు కారే బొరియలవుతాయి. గట్టు దిగువన, బయటి పాదానికి దూరంగా వేప, కానుగ, నేరేడు వేసుకోండి. చెరువు మధ్యలో తుమ్మచెట్లుంటే "శుభ్రం చేస్తున్నాం" అంటూ కొట్టెయ్యకండి. ఉప్పలపాడులో పక్షులు గూళ్లు కట్టేది నీళ్లలోని ఆ ముళ్లచెట్ల మీదే. పక్షుల కోసం పార్కు కట్టి, పక్షులుండే చెట్టు నరికిన ఊరు ఒకటి నాకు తెలుసు. పేరు చెప్పను.

ఎస్టిమేట్ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్ వేస్తారు, ఏఈ చూస్తారు. రేట్లు ఆ ఏడాది ఎస్ఎస్ఆర్‌వా, పాతవా అడగండి (ఎస్ఎస్ఆర్ అంటే ప్రభుత్వం ఖరారు చేసే రేట్ల పట్టిక). పాత రేట్లతో వేస్తే పని మధ్యలో డబ్బు చాలక ఆగుతుంది.

6. ఫైలు వెంట నడవండి

పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు అని రెండు ఉంటాయి. రెండూ రాకుండా పని మొదలుపెట్టొద్దు. "మొదలెట్టండి, తర్వాత చూసుకుందాం" అని ఎంత పెద్దమనిషి చెప్పినా సరే. అలా సొంత డబ్బు పెట్టి బిల్లు పడక, బంగారం తాకట్టు పెట్టిన వార్డు మెంబర్లను చూశాను.

ఏ టేబుల్ మీద ఉందో, ఏ తేదీన చేరిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. నెల దాటి కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు ఆపారు?" అని అడగకండి, దానికి తప్పించుకునే జవాబే వస్తుంది. "ఫలానా నంబరు ఫైలు నోట్ షీట్ నకలు ఇవ్వండి" అని అడగండి. ఎక్కడ ఆగిందో అందులోనే ఉంటుంది.

జిల్లా పర్యాటక అధికారిని ఇప్పుడు కలవండి, ముందు కాదు. అప్పటికే గట్టు, దారి, మరుగుదొడ్డి మంజూరై ఉంటే జిల్లా పర్యాటక మండలి జాబితాలో మీ ఊరి పేరు పెట్టించుకోవడం తేలిక. ఉత్త చేతులతో వెళ్తే టీ ఇచ్చి పంపిస్తారు.

7. పని జరిగేటప్పుడు

కాలం చూసుకోండి. మిరప కోతలప్పుడు ఉపాధి పనికి ఎవరూ రారు, పొలంలో కూలి ఎక్కువ. కోతలైపోయాక, వానలకు ముందు మట్టి పని పెట్టుకోండి. మొక్కలు తొలకరి తర్వాత.

పొర మందం పరీక్ష మీరే చెయ్యొచ్చు. రోలింగ్ అయ్యాక యాభై మీటర్లకోచోట, అంచున కాకుండా మధ్యలో, గడ్డపారతో చిన్న గుంట తవ్వి టేపు పెట్టండి. నల్లమట్టి తగిలేదాకా ఎంత గ్రావెల్ ఉందో కొలవండి. కొలతల పుస్తకం ఎం-బుక్‌లో రాసిన అంకె, మీ టేపు అంకె పక్కపక్కన రాసుకోండి. అంచుల్లో నిండుగా పోసి మధ్యలో పలచగా చేయడం పాత విద్య. గుంట మళ్లీ పూడ్చి కొట్టడం మరచిపోకండి.

రెండోది బకెట్ పరీక్ష. దారి మధ్యలో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించండి. అటూ ఇటూ జారి పోవాలి. చేతి వెడల్పున మడుగు కట్టి అక్కడే కూర్చుంటే, బిల్లు మీద సంతకాలు కాకముందే సరిచేయించుకోండి.

8. పడవ సంగతి

ప్రతి ఊరూ మొదటి రోజే అడిగేది ఇదే. వద్దు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. కార్తీక మాసం ఆదివారం అది. అనుమతి లేని ప్రైవేటు పడవ. లైఫ్ జాకెట్లు, శిక్షణ ఉన్న సరంగు, ఎంతమంది ఎక్కాలన్న లెక్క, సంబంధిత శాఖల అనుమతి, ఇన్సూరెన్స్, ఇవన్నీ ఉంటేనే దాని ఊసెత్తండి. ఒక ఊళ్లో చందాలు వేసుకుని ముందే పెడల్ బోటు కొన్నారు, అనుమతి రాలేదు. హంస ఆకారం బోటు. ఇప్పుడది పశువుల కొట్టం పక్కన బోర్లా పడి ఉంది, దాని మెడకు మేకను కడతారు, కింద కోళ్లు పొదుగుతాయి.

9. రూపాయి ఊళ్లో ఆగేలా

గేటు టిక్కెట్ పెట్టాలని పంచాయతీకి ఆశ ఉంటుంది. మొదటి ఏడాది వద్దని నా సలహా. టిక్కెట్ కోసే మనిషి జీతానికే ఆ డబ్బు సరిపోతుంది, వచ్చేవాళ్లు మాత్రం తగ్గుతారు. పార్కింగ్‌కు చిన్న రుసుము చాలు. అది కూడా రసీదు పుస్తకంతో, పంచాయతీ ఖాతాకు.

డబ్బు వచ్చేది తిండి దగ్గర. అంగళ్ల చోటును బయటి కాంట్రాక్టరుకు వేలం వేస్తే పంచాయతీకి ఒకేసారి మొత్తం కనపడుతుంది, ఊరికేమీ మిగలదు. డ్వాక్రా సంఘాలకు వంతుల వారీగా ఇవ్వండి. పొద్దున్నే వేడి పునుగులు, అల్లం టీ, కాలాన్ని బట్టి తాటిముంజలు, సీతాఫలాలు, జామకాయలు. ప్యాకెట్ చిప్స్ ఎక్కడైనా దొరుకుతాయి, వాటి కోసం గుంటూరు నుంచి ఎవరూ రారు. సంఘం రుణంతో ఇడ్లీ పాత్ర, గొడుగు, రెండు బల్లలు కొనుక్కుంటే మొదలుపెట్టొచ్చు. సైకిళ్లు అద్దెకిచ్చే షాపు లాంటిది ఎవరైనా కుర్రాడు పెట్టుకుంటానంటే పీఎంఈజీపీ (కేంద్రం స్వయం ఉపాధి రుణ పథకం) గురించి బ్యాంకులో అడగమనండి. ఆ పథకంలో గ్రామీణ ప్రాంతం జనరల్ వాళ్లకు 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ లాంటి వర్గాలకు 35 శాతం సబ్సిడీ అని లెక్క.

10. నిర్వహణ కాగితం

కట్టడానికి డబ్బిచ్చే ఖాతాలు ఇన్ని ఉన్నాయా, ఊడ్చడానికి ఒక్కటీ లేదు. మరుగుదొడ్డికి తాళం పడేది ఇందుకే. కట్టకముందే మూడు విషయాలు తీర్మానం చేసుకోండి: తాళం చెవి ఎవరి దగ్గర, నీళ్ల మోటారు కరెంటు బిల్లు ఎవరు కడతారు, వారానికి ఎన్నిసార్లు ఊడుస్తారు. మొదటిదానికి ఉత్త "పంచాయతీ" అని కాకుండా మనిషి పేరు రాయండి. పార్కింగ్ డబ్బు, చేపల పాటలో ఒక వాటా దీనికే పోవాలని అదే తీర్మానంలో పెట్టండి. సెప్టిక్ ట్యాంకు చెరువుకు దూరంగా, దిగువన ఉండాలి. చెరువు నీళ్లలోకి ఊట వెళ్తే అంతా వ్యర్థం.

ఫలితం ఎలా చూసుకోవాలి

మొదటి స్టెప్పు నోట్‌బుక్ ఉంది కదా, ఏడాది తిరిగాక అవే వారాల్లో, అవే గంటల్లో మళ్లీ కూర్చోండి. జనం రెట్టింపయ్యారా అన్నది రెండో ప్రశ్న. "ఊళ్లో ఏమైనా కొన్నారా" అనే గడిలో అవును అన్నవి ఎన్ని పెరిగాయో ముందు చూడండి. ఉదాహరణకు, మొదట్లో నలభై బండ్లొచ్చి నాలుగు కొన్నాయనుకోండి. ఇప్పుడు ఎనభై వచ్చి ఆరే కొంటే మీరు దారి వేశారు కానీ ఊరికి పని పుట్టలేదు. యాభై వచ్చి ముప్పై కొంటే పుట్టింది.

అంగళ్ల వాళ్లను లాభమెంత అని అడగకండి, ఎవరూ చెప్పరు. ఆదివారానికి ఎన్ని కేజీల పిండి రుబ్బుతున్నారు, ఎన్ని లీటర్ల పాలు వస్తున్నాయి అని అడగండి. అది దాచలేరు. పాలవాడినీ విడిగా అడిగి రెండూ సరిచూసుకోండి.

పంచాయతీ చెల్లింపులు ఈ-గ్రామస్వరాజ్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ పని పేరు, మొత్తం, తేదీ అందులో సరిగ్గా ఉన్నాయా చూసి ప్రింట్ తీసి పెట్టుకోండి. యూసీ (డబ్బు ఖర్చయిన తీరు చెప్పే పత్రం) ఇవ్వకపోతే తర్వాతి విడత రాదు, సెక్రటరీ బదిలీ అయితే పాత యూసీ ఎవరూ పట్టించుకోరు. బదిలీల సీజన్‌కు ముందే అడిగి పంపించండి.

మొదటి పెద్ద వాన మర్నాడు ఒకసారి గట్టు మొత్తం నడవండి, చెప్పులు విడిచి. ఎక్కడ కాలు దిగబడుతుందో అక్కడ ఒక పుల్ల గుచ్చండి. సాయంత్రం ఏఈని పిలిచి ఆ పుల్లలు చూపించండి.